తొంభై ఒకటికి ఇరవై నాలుగు

ఫెయిర్ పుస్తకంలో ఒక్క కొట్టివేత కూడా లేదు. అదే దుర్గ కొంప ముంచింది.

తెనాలిలో ఒక కాలేజీ మేడమీది గదిలో ఫ్యాను తిరుగుతోంది గాని, గాలంతా బల్లకి అవతల కూర్చున్న ఇద్దరికే తగులుతోంది. ఒకరు బసవేశ్వరరావు గారు. బాపట్లలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన పెద్దాయన. పక్కన రవిశంకర్ సార్, ఇంకా నలభై దాటలేదు. ఈ చుట్టుపక్కల కాలేజీల్లో ఇంటర్ పూర్తిచేసిన పిల్లల్లో లెక్కలంటే ప్రాణం పెట్టే ఒక్కరిని ఏరి ఒక పెద్ద సంస్థకి పై చదువుకి పంపుతారు. అక్కడే హాస్టలు, అక్కడే డిగ్రీ, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఒకే సీటు. సొంతంగా చేసిన పని ఏదైనా పుస్తకంలో రాసి తెచ్చుకోమన్నారు.

రవిశంకర్ సార్ ఆ పుస్తకాన్ని బొటనవేలితో టపటపా తిరగేశారు. ఎర్ర సిరాతో శీర్షికలు. నీలం సిరాతో అంకెలు. ప్రతి పేజీకీ స్కేలు పెట్టి గీసిన మార్జిను.

"ఏ వెబ్‌సైటమ్మా ఇది?"

దుర్గ చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"పర్లేదు, చెప్పు. ఫోనుందా?"

"మా నాన్న ఫోనండి."

"నెట్టుందా అందులో?"

"ఉందండి."

ఆయన బసవేశ్వరరావు గారి వంక చూసి కనుబొమలు ఎగరేశారు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని పుస్తకం తన ముందుకి లాక్కున్నారు.

"ఇది నీకెలా తెలిసింది?"

"లెక్కపెట్టానండి."

"దేన్ని?"

"వలనండి."

రవిశంకర్ సార్ ఫక్కున నవ్వారు. "చేపల్ని లెక్కపెట్టేవాళ్ళని చూశాం గాని, వలని లెక్కపెట్టేవాళ్ళని చూళ్ళేదు సార్."

దుర్గ చెప్పాలనుకుంది చాలా ఉంది. వలలో ఏ ముడికైనా నాలుగు దారాలు, ఆ దారాల చివర నాలుగు ముడులు. వలని సాగదీసి కట్టినప్పుడు ఒక దగ్గర కన్ను, అంటే నాలుగు ముడుల మధ్య గడి, సరిగ్గా రెండు సమ త్రిభుజాలవుతుంది. అప్పుడు దారం లేకపోయినా ఖాళీ మీదుగా ఇంకో రెండు ముడులు అంతే దూరానికి వస్తాయి. మొత్తం ఆరు. ఆ తర్వాతి దూరంలో ఆరు. ఆ తర్వాత ఆరు. ఆపైన ఒక్కసారిగా పన్నెండు. దూరాన్ని దూరంతో గుణించి రాసుకుంటే ఒకటికి ఆరు, మూడుకి ఆరు, నాలుగుకి ఆరు, ఏడుకి పన్నెండు. రెండుకీ, అయిదుకీ, ఆరుకీ ఒక్క ముడీ లేదు. ఎందుకు లేదు? రెండేళ్ళపాటు వల కుడుతూ ఆ ప్రశ్న పట్టుకుని వేలాడింది దుర్గ. చివరికి దొరికింది. ఆ సంఖ్యని భాగించే అంకెలన్నీ రాసుకోవాలి. మూడుతో భాగిస్తే ఒకటి మిగిలేవి ఎన్నో, రెండు మిగిలేవి ఎన్నో చూడాలి. మొదటివాటిలోంచి రెండోవి తీసేసి ఆరుతో గుణిస్తే, అదే ముడుల లెక్క.

ఇదంతా ఇంట్లో పెరట్లో మేకకి చెప్పగలదు. ఇక్కడ కాదు.

"సరే, తొంభై ఒకటికి చెప్పు," అన్నారు పెద్దాయన.

దుర్గ కళ్ళు మూసుకుంది. ఒడిలో వేళ్ళు కదిలాయి, సూది పట్టుకుని దారం లాగుతున్నట్టు. ఒకవైపు తొమ్మిది కళ్ళు, ఇంకోవైపు ఒకటి. లేదా ఆరు, అయిదు.

"ఇరవై నాలుగండి."

"చూశారా, బట్టీ," అన్నారు రవిశంకర్ సార్.

"ఎందుకట్లా వస్తుందో చెప్పగలవా?" పెద్దాయన గొంతులో కోపం లేదు. అది ఇంకా భయంగా అనిపించింది.

"తెలీదండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సమాధానం తెలుసు, కారణం తెలీదు. చూడమ్మా, ఇది జర్మనీలో రెండు వందల ఏళ్ళ కిందటే రాసి పెట్టారు. పై తరగతుల పుస్తకాల్లో ఉంది. నువ్వు చేశావని నేనెట్లా అనుకోను? సొంతంగా చేసినవాళ్ళు ఎక్కడో ఒకచోట తప్పు చేస్తారు. నీ పుస్తకంలో ఒక్కటంటే ఒక్క తప్పు లేదు."

ఆయన పుస్తకం మూసి ఆమె వైపు తోశారు.

"రఫ్ ఉందా?"

"ఉండాలండి."

"ఉంటే వెతికి తీసుకురా. లిస్టు శనివారం సాయంత్రం పంపుతాను. ఆలోపు బాపట్లలో మా ఇంటికి రా. అడ్రసు రాసిస్తా."

మెట్ల మీద వేమూరు అమ్మాయి సాయి ప్రియ నించుని ఉంది. చేతిలో స్పైరల్ బైండింగ్ చేసిన పుస్తకం, మీద రంగుల బొమ్మ. "ఏమడిగారు?" అంది చొరవగా. జవాబు కోసం ఆగకుండా తనే మాట్లాడింది. "నాదంతా మా కోచింగ్ సార్ చేయించాడులే. నాకు సగం అర్థం కాలేదు. గడగడా అప్పజెప్పడమే." నిజానికి మంచి పిల్ల. తన సీసాలో నీళ్ళిచ్చి దుర్గని తాగమంది.

రేపల్లె రైల్లో కిటికీ పక్కన కూర్చుని, వెంట తెచ్చుకున్న నాన్న ఫోన్లోంచి కుసుమకుమారి మేడమ్‌కి ఫోన్ చేసింది దుర్గ. ఆవిడ రేపల్లె జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఈ పోటీ సంగతి చెప్పిందీ, ఫారం నింపిందీ ఆవిడే.

"రఫ్ అడిగారా? రఫ్ ఎవరైనా దాస్తారా తల్లీ! నేనే కదా చెప్పింది, నీట్‌గా ఫెయిర్ చెయ్, రఫ్ చించెయ్ అని. రికార్డులకి మనం ఎప్పుడూ చేసేదదేగా?" ఒక్క క్షణం ఆగి, "చించేశావా?" అంది మెల్లగా.

"మా మామ్మకిచ్చానండి. చేపలు చుట్టడానికి."

 అంతలో లైను తెగిపోయింది.

తమ ఊరు అడవులదీవి చేరేసరికి పొద్దు వాలుతోంది. వేట నిషేధం రోజులు కాబట్టి పడవలన్నీ ఒడ్డున బోర్లా పడున్నాయి. నాంచారయ్య పడవ నీడలో వల పరిచి బొటనవేలికి దారం బిగించి కుడుతున్నాడు. కూతుర్ని చూసి తల ఎత్తాడు గాని చెయ్యి ఆపలేదు.

"ఏమన్నారు?"

"శనివారం మళ్ళీ రమ్మన్నారు నాన్నా."

"సీటు వచ్చినట్టా, రానట్టా?"

"తెలీదు."

నాంచారయ్య ముడి బిగించి పళ్ళతో దారం కొరికాడు. ఆయన మాట ముందే అయిపోయింది. ఈ సీటొస్తే పోతావు, రాకపోతే సోమవారం నుంచి శ్రావణితో పాటు నిజాంపట్నం షెడ్డుకి, రొయ్యలు ఒలవడానికి. మళ్ళీ ఏడుపులూ అలకలూ వద్దన్నాడు. దుర్గా సరేనంది. అప్పుడు సరేననడం తేలికైంది, వస్తుందనే అనుకుంది కాబట్టి.

"మామ్మెక్కడ నాన్నా?"

"రేపల్లె పోయింది. రేపు శుక్రవారం బజారు గదా, మీ అత్తోళ్ళింట్లో పడుకుంటానంది."

తెల్లారకుండానే దుర్గ మొదటి బస్సెక్కింది.

రేపల్లెలో ఎండుచేపలమ్మే చోటు వాసన బస్టాండులోనే పట్టేస్తుంది. వరసగా గంపలు, తాటాకు చాపల మీద సవళ్ళు, నెత్తళ్ళు, ఉప్పు పట్టిన వంజరం ముక్కలు. పోలమ్మ చాప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఒక ఆసామికి నెత్తళ్ళు తూచి పోస్తోంది. పక్కనే ఇటుక కింద పాత కాగితాల దొంతర.

"మామ్మా, నా కాగితాలు!"

"ఏ కాగితాలే?"

"మొన్న నేనిచ్చినవి. చేత్తో రాసినవి. గళ్ళ కాగితాలు."

"ఓసి నీ కాగితాలు బంగారంగానూ! మెత్తగా ఉన్నాయని ముందవే వాడాను." పోలమ్మ ఇటుక తీసి దొంతర తిరగేసింది. పేపర్లు, పెళ్ళి శుభలేఖ, పాత క్యాలెండరు. గళ్ళ కాగితం ఒక్కటీ లేదు. "సగం ఆ గంప దానికిచ్చాను. అడుగు."

పక్క గంపామె నోట్లో తాంబూలం పక్కకి నెట్టి నవ్వింది. "చదూకున్న పిల్ల కాగితాల్లో చుట్టిస్తే నా సవళ్ళకి గిరాకీ పెరిగిందే పోలమ్మత్తా. ఒకడైతే విప్పి చదువుకుంటూ పోయాడు. ఇదేం మంత్రమమ్మా అన్నాడు."

"మంత్రమే. మా పిల్ల లెక్కలతో రొయ్యల్ని పిలుస్తది," అంది పోలమ్మ.

ఎవరూ తనని నొప్పించాలని అనడం లేదని దుర్గకి తెలుసు. అయినా కళ్ళు మండాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఆ గంపామె కాగితాల కట్ట తనే వెతకసాగింది. ఉప్పు, పొలుసులు చేతికి అంటుకున్నాయి. కట్ట అడుగున రెండు కాగితాలు, నూనె మరకతో ఒకదానికొకటి అతుక్కుపోయి దొరికాయి. మిగతా నలభై పేజీలు ఎవరెవరి ఇళ్ళకో పోయాయి. ఏ పొయ్యిలోనో కాలిపోయుంటాయి.

మెల్లగా విడదీసింది. మొదటిది ఖాళీదే. రెండోది చూసి ఊపిరి పీల్చుకుంది.

అది నలభై తొమ్మిదికి లెక్క చేసిన పేజీ. తను తప్పులో పడ్డ పేజీ.

నలభై తొమ్మిదికి సూత్రం ప్రకారం పద్దెనిమిది ముడులు రావాలి. వల మీద లెక్కపెడితే పదహారే వచ్చాయి. మూడు రోజులు అన్నం సహించలేదు దుర్గకి. మళ్ళీ లెక్కపెట్టింది, మళ్ళీ పదహారే. కాగితం మీద పదహారు చుట్టూ సున్న చుట్టి, కొట్టేసి, మళ్ళీ రాసి, 'సూత్రం తప్పా?' అని రాసుకుని, ఆ మాట మీద పెన్ను అరిగిపోయేలా గీతలు గీసింది. ఆఖరికి పోలమ్మే వచ్చి, "అక్కడ లెక్క రాదే పిచ్చిదానా. తాబేలు చింపితే నేను రెండేసి కళ్ళు కలిపి కుట్టిన చోటది," అంది. ఆ అతుకు ఎవరి కంటికీ కనపడదని ఆవిడకి గొప్ప. మాయమైన రెండు ముడులూ అక్కడే ఉండాలి. కింద దుర్గ చిన్న తాబేలు బొమ్మ వేసి, పెద్ద అక్షరాలతో రాసుకుంది: 'వల తప్పు. లెక్క తప్పు కాదు.'

"దొరికిందా?" అంది పోలమ్మ.

తల ఊపింది దుర్గ.

"అయితే ఏడుపెందుకే? ఇంద, ఆ చేతులు కడుక్కో. టీ తాగుదువు గాని."

శనివారం పదకొండు గంటలకి దుర్గ బాపట్లలో బసవేశ్వరరావు గారి ఇంటి ముందు నిలబడింది. కర్లపాలెం మీదుగా వచ్చే బస్సు చెడిపోతే సగం దారి షేర్ ఆటోలో, మరో సగం నడిచి వచ్చింది. వీధి గేటు తీయడానికి అయిదు నిమిషాలు పట్టింది. గడియ గట్టిగా ఉండి కాదు.

ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. బనీనూ, లుంగీ. ముందు గుర్తుపట్టలేదు. తర్వాత, "ఆఁ, వల అమ్మాయివి కదూ. కూర్చో," అన్నారు.

కూర్చోలేదు. సంచీలోంచి కాగితం తీసి ఇచ్చింది. ఉప్పు చేపల వాసన గుప్పున కొట్టింది. ఆయన ముక్కు కొంచెం ముడుచుకుని కాగితాన్ని వెలుగులోకి పట్టుకున్నారు.

దుర్గ ఆయన మొహం వంక చూడలేక కింద గచ్చు మీద చీమల బారు చూస్తూ నిలబడింది. పదహారు దగ్గర ఆయన వేలు ఆగింది. కొట్టివేతల మీదుగా నెమ్మదిగా కిందికి జరిగింది. చివరి వాక్యం దగ్గర మళ్ళీ ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఈ తాబేలు ఏంటి?" అన్నారు.

దుర్గ చెప్పింది. వల గురించి కాబట్టి మాట తడబడలేదు. కన్ను ఎలా సాగదీసిందీ, మేకులు ఎక్కడ కొట్టిందీ, ముడులకి పసుపు దారం ఎలా కట్టి గుర్తు పెట్టుకుందీ, అన్నీ.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. కుర్చీ ముందుకి లాక్కున్నారు. "కూర్చోమ్మా," అన్నారు. ఈసారి కూర్చుంది.

"నువ్వు రాసిన అంకెలన్నీ వరసగా గుచ్చితే ఒక మాల అవుతుంది. దాన్ని తీటా ఫంక్షన్ అంటారు. విన్నావా?"

"లేదండి."

"ఇప్పుడు వలలో ఒక్క కన్ను కత్తిరించావనుకో. ఎదురెదురు అంచులు కలిపి కుట్టెయ్. ఏమవుతుంది?"

దుర్గ గాల్లోనే రెండు అంచులు కలిపింది. గొట్టమైంది. గొట్టం రెండు చివరలూ వంచి కలిపింది. "లారీ ట్యూబు లాగా అవుద్దండి."

పెద్దాయన తొడ మీద చరుచుకున్నారు. "అదే! దాన్ని ఎలిప్టిక్ కర్వ్ అంటారు. పెద్ద పెద్ద వాళ్ళు జీవితాలు ధారపోశారు దాని మీద. వలని కాస్త లాగు, కన్ను ఆకారం మారుతుంది, ట్యూబు మారుతుంది, నీ అంకెల మాలా మారుతుంది. మూడూ ఒకే తీగకి కట్టినట్టు కదులుతాయి. ఇక ఒక ముడి చుట్టూ ఆరు ముడులు రాశావే, దాన్ని రూట్ సిస్టమ్ అంటారు. నీది చిన్నది. ఇంకా పెద్దవున్నాయి."

"పెద్ద వలలాండి?"

"వెడల్పు కాదు. నీ వలకి రెండు దిక్కులే కదా, అటూ ఇటూ. ఎనిమిది దిక్కులున్న వల ఒకటుంది. అందులో ఒక్కో ముడికీ అతి దగ్గరగా ఎన్ని ముడులో తెలుసా? రెండు వందల నలభై."

"ఎట్టా కుడతారండి?"

"కుట్టలేం. అనుకోవాలంతే. ఏదో ఒక్క దిక్కున ఒక అడుగేస్తే అక్కడ ముడి ఉండదు. రెండు దిక్కుల్లో తలో అడుగు వెయ్యి, ముందుకో వెనక్కో, అప్పుడు ఉంటుంది. కొన్ని అట్లా వస్తాయి. మిగిలినవి ఇంకో రకం."

దుర్గ ఒళ్ళు జల్లుమంది. ఇన్నేళ్ళలో ఎవరూ తనతో ఇలా మాట్లాడలేదు. సిగ్గు ఎటుపోయిందో, గబగబా అడిగేసింది. "మరి మూడుతోనే ఎందుకు భాగించాలండి? అది ఎందుకట్టా వస్తదండి?"

"అది చెప్పాలంటే రెండేళ్ళు కూర్చుని చదవాలి. అక్కడికెళ్తే..." ఆయన ఆగిపోయారు. కళ్ళజోడు తీశారు.

లోపల కుక్కర్ కూసింది. ఒకటి, రెండు, మూడు.

"లిస్టు నిన్ననే పంపేశామమ్మా," అన్నారు గచ్చు వంక చూస్తూ. "ఇవాళ రెండో శనివారం. అక్కడ ఆఫీసు ఉండదని రవిశంకర్ గుర్తుచేశాడు. నువ్వు వస్తావని... నిజం చెప్పాలంటే వస్తావనుకోలేదు. వేమూరు అమ్మాయి పేరు వెళ్ళింది."

దుర్గకి ముందు మాటలు వినిపించాయి గాని అర్థం దిగలేదు. సాయి ప్రియ నీళ్ళ సీసా మాత్రం కళ్ళ ముందు కనిపించింది.

"వాళ్ళకి ఫోన్ చేసి చెప్పొచ్చు గదండి," అంది. ఆ మాట అన్నది తనేనా అని తనకే ఆశ్చర్యమేసింది.

"పేరు ఒకసారి ఎక్కాక మార్చరమ్మా. ఆ పిల్ల ఇంట్లో ఈపాటికి చెప్పేసుంటారు. వచ్చే ఏడు చూద్దాం. ఈలోగా ఆదివారాలు రా, నేను చెప్తాను."

షెడ్డుకి ఆదివారం సెలవు లేదు. వచ్చే ఏడంటే ఎక్కడుందో.  దుర్గ లేచి నిలబడింది. ఆయన ఇంకా ఆ కాగితాన్నే చూస్తున్నారు. అపురూపంగా రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఇది నా దగ్గర ఉంచు. వచ్చే నెల గుంటూరులో టీచర్లకి నా ఉపన్యాసం ఉంది. చూపిస్తాను. వల కుట్టే పిల్ల తన తప్పు తనే ఎట్లా పట్టుకుందో చూడండని. నీ పేరు చెప్తాలే."

పెద్దవాళ్ళు అడిగితే దుర్గ ఎప్పుడూ కాదనలేదు. రఫ్ చించెయ్యమన్నప్పుడు వదిలించుకుంది. షెడ్డుకి పొమ్మంటే సరేనంది. ఇప్పుడు మాత్రం చెయ్యి చాపింది.

"ఇవ్వనండి. నాకు కావాలండి."

ఆయన తెల్లబోయారు. కాగితం ఇచ్చేశారు. గేటు దాకా వచ్చి, "అన్నం తిని వెళ్ళమ్మా," అన్నారు. దుర్గ నమస్కారం పెట్టి వచ్చేసింది.

ఇంటికొచ్చింది. మొహం చూసి నాంచారయ్యకి తెలిసిపోయింది. ఆదివారం సాయంత్రం ఆయనే బజారుకి పోయి కూతురికి రబ్బరు బూట్లు కొనుక్కొచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. కాలికి సరిపోతాయో లేదో తొడిగి చూడమని కూడా అనలేదు. కాసేపు అక్కడే నించుని, బీడీ వెలిగించుకుని ఒడ్డుకి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్నే శ్రావణి వచ్చి పిలుచుకెళ్ళింది. మేనత్త కూతురు, నాలుగేళ్ళ నుంచీ షెడ్డులోనే చేస్తోంది. మేస్త్రీ దుర్గ ఆధార్ కార్డు తీసుకుని పద్దెనిమిది నిండాయో లేదో చూసుకున్నాడు. తలకి టోపీ, చేతులకి తొడుగులు ఇచ్చి ఒక బల్ల చూపించాడు. స్టీలు బల్ల. మధ్యలో ఐసుతో కలిపి గుమ్మరించిన రొయ్యలు. శ్రావణి ఒకసారి చేసి చూపించింది. తల తుంచాలి, కాళ్ళ వైపు నుంచి పొట్టు ఊడదీయాలి, వీపు మీద నల్లటి పేగు లాగెయ్యాలి. మూడు కదలికలు. గంట తిరిగేసరికి దుర్గ చేతులకి వచ్చేసింది. వల కుట్టిన చేతులకి అదెంత పని. వేళ్ళు మాత్రం చలికి మొద్దుబారాయి.

చేతులకి పని తెలిసిపోయాక బుర్ర ఖాళీ అయింది. వద్దనుకున్నా ఆ ఎనిమిది దిక్కుల వల వైపే పోయింది.

బల్ల చుట్టూ ఎనిమిది మంది. ఒక్కొక్కరూ ఒక దిక్కు. ఇద్దరిద్దర్ని జతలుగా కలిపింది. తనూ శ్రావణి, తనూ ఎదురుగా ఎర్ర గాజులామె, శ్రావణీ ఆమె. మొత్తం ఇరవై ఎనిమిది జతలు. ప్రతి జతలోనూ ఇద్దరూ తలో అడుగు వెయ్యాలి, ముందుకో వెనక్కో. నాలుగు రకాలు. నాలుగు ఇరవై ఎనిమిదులు నూట పన్నెండు.

దుర్గ చెయ్యి ఆగింది. నూట పన్నెండు. ఆయన చెప్పింది రెండు వందల నలభై. ఇంకా నూట ఇరవై ఎనిమిది ఉండాలి. ముగ్గురు కలిసి నడిస్తే? దూరమైపోయింది. ఒక్కరే రెండడుగులు వేస్తే? అదీ దూరమే. ఇంకో రకం అన్నారాయన. ఏ రకం? మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. మళ్ళీ నూట పన్నెండే. ఈసారి వలలో అతుకేమీ లేదు. తప్పు ఎక్కడో చూపించడానికి మామ్మ లేదు. అడగడానికి ఈ షెడ్డులోనే కాదు, తనకి తెలిసిన ఊళ్ళన్నిటిలో ఉన్నది ఒక్కరే, బాపట్ల పెద్దాయన. ఆయన గేటు దాకా మళ్ళీ వెళ్ళడం తన వల్ల కాదు.

"ఏయ్, కొత్తమ్మాయ్! చెయ్యాడట్లేదు!" మేస్త్రీ అరిచాడు.

శ్రావణి మోచేత్తో పొడిచింది. "ఏంటే, పెదాలాడిస్తన్నావ్? దేవుడికి దణ్ణమా?"

"కాదొదినా." దుర్గ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "నూట ఇరవై ఎనిమిది తగ్గాయి."

శ్రావణి గభాలున మేస్త్రీ వైపు చూసింది. "గట్టిగా అనమాకే. మొదటి రోజు ఎవరికైనా తగ్గుతాయి. నేనూ ఇట్టాగే ఏడ్చాను." అంటూనే తన ట్రేలోంచి ఒలిచిన రొయ్యలు రెండు దోసిళ్ళు తీసి, ఎవరూ చూడకుండా దుర్గ ట్రేలోకి జార్చింది. "సరిపోయాయా?"

దుర్గ ఆ ట్రే వంక చూసింది. తెల్లగా, వంకరగా, ఒకదాని మీద ఒకటి పడున్నాయి.

"సరిపోయాయొదినా," అంది. తల వంచుకుని ఐసులోంచి ఇంకో రొయ్యని తీసి దాని తల తుంచింది.